బందరు రోడ్డు కింద స్తూపాలు

కృష్ణా ఒడ్డు కథలు – 11వ భాగం

ఆటోనగర్ గేటు దగ్గర బందరు రోడ్డు మీద లారీల వరస పగలూ రాత్రీ తెగదు. బాడీ కట్టించుకోవడానికి వచ్చిన కొత్త చాసిస్‌లు, కమాన్లు మార్పించుకుని వెళ్లే పాత బండ్లు, డెల్టా ఊళ్ల నుంచి ధాన్యం బస్తాలతో వచ్చేవి. ఈ రోడ్డును నమ్ముకుని బతికేవాళ్లకు దాని అడుగున ఏముందో తెలుసుకోవాల్సిన పని పడదు. పాత పురావస్తు నివేదికలు మాత్రం ఆ సంగతి దాచలేదు. గుడివాడలోని బౌద్ధ స్తూపాల ఇటుకల్ని తవ్వి తీసి బెజవాడ–బందరు రోడ్డుకు పోశారని వాటిలో రాసి ఉంది.

పోయిన భాగంలో 1833 నాటి డొక్కల కరువు నుంచి 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యేదాకా వచ్చాం. కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణ, నదికి అటూ ఇటూ ఉన్న సీతానగరం, ఇంద్రకీలాద్రి కొండల రాయి, అన్నీ చూశాం. ఆ కథకు రెండో వైపు ఒకటుంది. నీళ్లు పారడం మొదలయ్యాక కాలువల మీద లాకులు, తూములు, వంతెనలు కావలసివచ్చాయి. పండిన పంట రేవుకు చేరడానికి రోడ్లు కావలసివచ్చాయి. వాటన్నిటికీ రాయి, ఇటుక ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ఈ వారం కథ.

రాయి దొరకని నేల

బెజవాడ కొండలు దాటి తూర్పుకు నడిస్తే సముద్రం దాకా ఒండ్రు మట్టే. పార దించితే నల్లరేగడి, ఇంకా దించితే ఇసుక. ఇంటి ముందు రోలు కావాలన్నా బయటి నుంచి తెచ్చుకోవలసిందే. రాయిని కొండ దగ్గర పగలగొట్టి, బండికెత్తి, పడవకు మార్చి, మళ్లీ బండికెత్తాలి. పని జరిగే చోటు ఎంత దూరమైతే ఖర్చు అంత పెరుగుతుంది.

అలాంటి నేల మధ్యలో, ఊరి పక్కనే, బాగా కాలిన ఇటుకలతో పేర్చిన గుట్టలు ఉండేవి. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల. ఒక్కో ఇటుక ఇప్పటి ఇటుకకు రెండింతల పొడవు. వాటి చుట్టూ పల్నాటి సున్నపురాయి పలకలు. రెండువేల ఏళ్ల కిందట ఆ పలకల్ని నది దారిన దించుకుని, చెక్కి, స్తూపాలకు తొడిగారు. ఆ రోజుల్లో ఈ తీరం పేరు గ్రీకు వర్తకుల దాకా పాకింది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో మైసోలియా ప్రాంతంలో కంటకోస్సిల అనే వర్తక కేంద్రాన్ని రాశాడు. అది మన ఘంటసాలేనని పండితుల మాట. ఆ వర్తకం తెచ్చిన డబ్బే చాలావరకు స్తూపాల మీద చెక్కడాలైంది.

19వ శతాబ్దం నాటికి వాటి కట్టుబడి సంగతి ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. అమరావతిలో దీపాలదిన్నె అన్నారు, జగ్గయ్యపేటలో ధనంబోడు అన్నారు, భట్టిప్రోలులో లంజదిబ్బ అన్నారు. లోపల నిధి ఉందని ఒక కథ, ఎవరో వెలయాలి మేడ కూలిందని ఒక కథ. బుద్ధుడి పేరు ఏ కథలోనూ లేదు.

కండెం అయిన లారీ ఆటోనగర్‌కు వస్తే దాన్ని చూసే చూపు ఒకటుంది. ఇంజను ఒకరికి, గేర్‌బాక్సు ఇంకొకరికి, మిగిలిన రేకు తుక్కు కొట్టుకు. ఆ బండి ఏ ఊళ్లు తిరిగిందో ఎవరూ అడగరు. ఆనాటి ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, జమీందారు మనుషులు స్తూపాన్ని చూసింది ఆ చూపుతోనే. ఇటుక రోడ్డుకు, పలక తూముకు, పగిలిన చెక్కడం సున్నపు బట్టీకి. వాళ్లలో దుర్మార్గులు ఎందరో చెప్పలేం గాని, అవసరం మాత్రం అందరికీ ఉంది.

దీపాలదిన్నె తొంభై ఏళ్లలో

అమరావతి స్తూపానికి ఆయుష్షు తక్కువేమీ కాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటికే అక్కడ పూజ ఉంది. 1182లో కోట కేతరాజు వేయించిన శాసనం అమరేశ్వరాలయంలో ఉంది. అందులో బుద్ధుడి మహాచైత్యం ప్రస్తావన, దాని దీపాలకు ఇచ్చిన దానాల వివరం కనిపిస్తాయి. శివుడి గుడి శాసనంలో బుద్ధుడి దీపానికి దానం రాయడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. 1344లో శ్రీలంకలోని గడలాదెణియ శాసనం ధాన్యకటకంలో, అంటే అమరావతిలో, ఒక భిక్షువు చేయించిన మరమ్మతు గురించి చెబుతుంది. ఆ తర్వాత నాలుగున్నర శతాబ్దాలు ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోయినా దిబ్బ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని అంతం చేసింది ఆ తర్వాతి తొంభై ఏళ్లు.

18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతికి మారాడు. కొత్త రాజధాని కట్టాలి, వర్తకుల్ని రప్పించాలి. రాయి దగ్గర్లోనే ఉంది. ఆయన మనుషులు దిబ్బ తవ్వుతుంటే చెక్కిన పలకలు బయటపడ్డాయి. వార్త విని కర్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఏలూరు కావలి సోదరుల సాయంతో దక్షిణాది ఊళ్ల కైఫీయతులు పోగుచేయించిన మెకంజీయే ఈయన. 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. పలకలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి, కాల్చిన సున్నమయ్యాయి. ఆయన బృందం వేసిన బొమ్మలే ఇప్పుడు చాలా పలకలకు మిగిలిన ఏకైక సాక్ష్యం. ఆ బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

తర్వాత వచ్చినవాళ్లు కాపాడుదామనే వచ్చారు. రాబర్ట్‌సన్ అనే కలెక్టరు కొన్ని పలకల్ని బందరు తరలించి, తన పేరున వెలసిన పేటలో అలంకారంగా నిలబెట్టించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసినవి మద్రాసు వెళ్లాయి. అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాక 1859లో లండన్ ఓడెక్కాయి. లండన్‌లోనూ వాటిని ఎవరూ వెంటనే విప్పి చూడలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వాటిని ఒక గుర్రపు బండ్ల కొట్టంలో కనిపెట్టాడు. 1877లో రాబర్ట్ స్యూయెల్ మరికొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ మిగిలిందంతా తవ్వి శుభ్రం చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. 1881 చివర్లో పురావస్తు శాఖ తరఫున జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే దిబ్బ లేదు, పెద్ద గొయ్యి ఉంది.

ఏ పలక ఏ పలక పక్కన ఉండేదో, ఏ ద్వారం ఎటు తిరిగి ఉండేదో చెప్పే ఆధారాలు ఆ గోతిలోనే పోయాయి. పలకలు మద్రాసు మ్యూజియంకు, బ్రిటిష్ మ్యూజియంకు పంచబడ్డాయి. దొంగతనంగా పోయింది కొంచెం. నగరం కట్టడానికి, తర్వాత కాపాడటానికి పోయిందే ఎక్కువ.

వెల్లటూరు తూము

కాలువల యుగంలో ఇదే పని మరింత చకచకా జరిగింది. భట్టిప్రోలు స్తూపం గుమ్మటాన్ని పబ్లిక్ వర్క్స్ వాళ్లు విప్పారు. ఇటుకలు రోడ్డుకు పోయాయి. పలకలు దగ్గరలోని వెల్లటూరు దగ్గర కాలువ మీద తూము కట్టడానికి పోయాయి. ఈ సంగతిని మద్రాసు పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే రాసిపెట్టాడు. ఆ తూము పారించిన నీటితో పండిన వరి ఎంతమందికి అన్నం పెట్టిందో లెక్కగట్టలేం. కరువు చూసిన తరానికి స్తూపం కన్నా తూమే ముఖ్యం. ఆ లెక్క వాళ్లది తప్పని ఇప్పుడు అనడం సులువు.

గుమ్మటం పోయినా పునాది మిగిలింది. 1892లో రే ఆ పునాది నడిమధ్యన జాగ్రత్తగా కిందికి తవ్వించాడు. రాతి పెట్టెలు మూడు దొరికాయి. వాటిలో స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు, చిన్న ఎముక ముక్కలు. పెట్టెల అంచుల చుట్టూ చెక్కిన అక్షరాలు. ఆ అక్షరాలు అశోకుడి బ్రాహ్మికి దగ్గర బంధువులే గాని కొన్నిటి తీరు వేరు. హల్లుతో కలిసి పలికే అకారాన్ని కూడా గీత పెట్టి చూపించడం వాటి ప్రత్యేకత. లిపుల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ భట్టిప్రోలు లిపి అనే పేరుతో దాన్ని విడిగా చర్చిస్తారు.

ఆ అక్షరాల్లో ఉన్నవి కుబిరకుడనే రాజు పేరు, ఒక గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమం వాళ్ల పేర్లు. ఊరి పెద్దలు, వర్తకులు కలిసి ఈ పని చేసి తమ పేర్లు వరసగా చెక్కించుకున్నారు. వాళ్ల పక్కన రాజు పేరు ఉంది గాని, రాజు ఒక్కడే చేయించిన పని కాదిది. మెకంజీ కైఫీయతుల్లో గాని, ఇంజనీర్ల అంచనాల్లో గాని ఈ పేర్లకు చోటు లేదు. రోడ్డు పనివాళ్లు ఇంకో నాలుగు గజాలు లోతుకు వెళ్లి ఉంటే ఆ పెట్టెలు కూడా ఏ కాంట్రాక్టరు ఇంటికో చేరేవి.

ఎడారికి ఎవరు కాపలా?

డెల్టాలో స్తూపాలు లేస్తున్న రోజుల్లోనే అరేబియా ఎడారిలో నబాతీయులనే వర్తకులు కొండల్ని తొలిచి సమాధులు కట్టుకుంటున్నారు. సాంబ్రాణి ఒంటెల మీద ఉత్తరానికి తీసుకుపోయిన డబ్బుతో కట్టారు. సౌదీలోని హెగ్రాలో ఇప్పటికీ అలాంటి పెద్ద సమాధులు 111 ఉన్నాయి, వాటిలో 94 చెక్కడాలతో ఉన్నాయి. 2008లో సౌదీ అరేబియా తొలి ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో దాన్ని గుర్తించింది. కడప నుంచీ, కోనసీమ నుంచీ, కరీంనగర్ నుంచీ డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు పనిచేసే దేశమే అది.

హెగ్రా అంత పదిలంగా మిగలడానికి రాజులో చట్టాలో కారణం కాదు. అక్కడ నీళ్లు తక్కువ, ఊరు పెరగలేదు, కాలువ తవ్వాల్సిన పని లేదు. దానికి తోడు సమూద్ జాతి దైవశిక్షకు గురైన చోటుగా ముస్లిం సంప్రదాయం దాన్ని చెబుతుంది. బాటసారులు అక్కడ ఆగేవాళ్లు కాదు. రాయిని విప్పి తీసుకుపోయేందుకు మనిషి లేకపోవడమే ఆ సమాధులకు రెండువేల ఏళ్లు కాపలా కాసింది.

డెల్టాలో లెక్క తలకిందులు. ఇక్కడ అడుగడుగునా మనిషి ఉన్నాడు. నేలకు ధర ఉంది, రాయికి గిరాకీ ఉంది. ఇక్కడ ఏదైనా మిగిలిందంటే దానికోసం ఎవరో ఏదో వదులుకున్నారని అర్థం.

కొండలో తొలిచినవి

అసలేమీ మిగల్లేదనుకుంటే పొరపాటు. బెజవాడ చుట్టూ మిగిలినవి చూడండి. ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు, ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న అక్కన్న మాదన్న గుహలు. మూడూ కొండను తొలిచి చేసినవే. బండికెత్తుకు పోవడానికి వీలు లేని నిర్మాణాలు.

ఉండవల్లిలో నాలుగంతస్తుల గుహ. కింది అంతస్తు సగంలో ఆగిపోయింది. పై అంతస్తుల్లో ఒకదానిలో శేషశయ్య మీద పడుకున్న అనంతపద్మనాభుడు, దాదాపు అయిదు మీటర్ల పొడవు, మొత్తం ఒకే రాయి. విష్ణుకుండినుల కాలానిదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇది ఇలా ఉండటానికి రెండు కారణాలు. కొండను కదిలించలేరు. పూజ ఆగలేదు. దేవుడు ఉన్న చోటి రాయిని తూముకు అడిగే ధైర్యం కాంట్రాక్టరుకు ఉండదు. అమరావతిలో దీపం ఎప్పుడో ఆరిపోయింది, ఉండవల్లిలో దేవుడు మాత్రం పూజలందుకుంటూనే ఉన్నాడు.

మొగల్రాజపురం సంగతి వేరు. నగరం పెరిగి ఆ కొండ వాలుకు ఇళ్లు చేరుకున్నాయి. దక్షిణాదిలో అర్ధనారీశ్వర మూర్తి ఉన్న తొలి గుహగా దీన్ని చెబుతారు. అక్కన్న మాదన్న గుహల్లో తొలిచినది చాలా పాతదైనా, పేరు మాత్రం 17వ శతాబ్దానిది. గోల్కొండ తానీషా దగ్గర మంత్రులైన ఆ అన్నదమ్ములు 1686 ప్రాంతంలో హత్యకు గురయ్యారు.

బోర్డు వచ్చాక

1904లో కర్జన్ కాలంలో పురాతన కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. అమరావతి గొయ్యి తవ్వి పావు శతాబ్దం కావస్తోంది. స్వాతంత్య్రం తర్వాత 1958లో కేంద్ర చట్టం, 1960లో మన రాష్ట్ర చట్టం వచ్చాయి. నీలం రంగు బోర్డు మీద తెల్ల అక్షరాలతో, ఈ కట్టడాన్ని పాడుచేస్తే శిక్ష తప్పదని రాసి పెట్టిన హెచ్చరిక అప్పటి నుంచి వచ్చినదే.

2010 సవరణతో పట్టు బిగిసింది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి వంద మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం. ఆ పైన మరో రెండువందల మీటర్లు అనుమతి ఉంటేనే. పాతింటికి మరమ్మతు చేయాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి. అనుమతులు చూడటానికి నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ ఏర్పడింది. భట్టిప్రోలు ఇటుకల లోడు రోడ్డుకు తోలిన రోజుల నుంచి చూస్తే ఇది చాలా దూరం.

ఖర్చు మాత్రం మాయం కాలేదు, చేతులు మారింది. కాలువల రోజుల్లో స్తూపం నష్టపోయింది, రైతు లాభపడ్డాడు. ఇప్పుడు గుహ లాభపడింది, గుహ వంద మీటర్ల లోపల రెండు గదుల ఇల్లున్న మనిషి నష్టపోయాడు. కూతురి పెళ్లికి ముందు పైన మరో స్లాబు వేద్దామనుకున్న మనిషికి, వెయ్యేళ్లు దాటిన చెక్కడం కన్నా పక్కింటి రెండంతస్తులే కంటికి ముందు కనపడతాయి. అతనికి పరిహారం లేదు, పన్ను రాయితీ లేదు, కనీసం ఎందుకు వద్దన్నారో చెప్పే మనిషి లేడు. నిషేధం అంతా ఒక్కడి మీద వేసి గర్వం ఊరంతా పంచుకుంటే, ఆ ఒక్కడు చాటుమాటున గోడ లేపుతాడు.

కొల్లేరులో అదే పద్దు

డెల్టాలో కాపాడుకోవాల్సింది రాయి ఒక్కటే కాదు. కృష్ణా గోదావరుల నడుమ కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు చేరేది అందులోకే, ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి పోయేదీ అక్కడి నుంచే. 1976లో ప్రభుత్వమే జీవో 118తో మత్స్యకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. తర్వాత పెట్టుబడి బయటి నుంచి దిగింది, చెరువు గట్లు సరస్సులోకి పాకాయి. చేపలతో, ఐసుతో నిండిన లారీలు కలకత్తా దారి పట్టాయి. ఆ లారీలకు మరమ్మతు చేసింది మన ఆటోనగరే.

1999లో, సముద్రమట్టం నుంచి ఎత్తును బట్టి గీసే +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటున్నాయి. చెరువు పోయిన చిన్న రైతుకు, కూలికి ఏం మిగిలిందన్నది ఇంకా తేలని లెక్క. 2008లో హద్దును +3 కాంటూరుకు తగ్గించమని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. దీనిపై వేసిన అజీజ్ కమిటీ తగ్గించడానికి ఒప్పుకోలేదు.

ఇలాంటి బేరం ఎడారి దేశంలోనూ జరిగింది. ఒమన్‌లో అరేబియన్ ఒరిక్స్ అనే కొమ్ముల జంతువు సహజ ఆవాసంలో 1972 నాటికి అంతరించింది. పెంచి 1982లో మళ్లీ ఎడారిలోకి వదిలారు. 1994లో ఆ ప్రాంతం యునెస్కో జాబితాకెక్కింది. వేటతో 450 నుంచి 65కు పడిపోయాయి. చమురు అన్వేషణ కోసం ఒమన్ రక్షిత ప్రాంతాన్ని 90 శాతం కోసేసింది. 2007లో యునెస్కో ఆ పేరును జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించిన మొదటి స్థలం అదే. నీళ్లు లేని చోట కూడా గిరాకీ రాగానే హద్దు వంగిపోయింది.

2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండటం మనకింకా గుర్తే. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క కొల్లేరు మీద వేయడం న్యాయం కాదు. కానీ బుడమేరు చివరికి చేరే చోటు ఎంత ఉండాలన్న ప్రశ్న బెజవాడ ఇళ్లకు సంబంధించినదని ఆ వారం అందరికీ తెలిసింది. సరస్సు హద్దు తగ్గితే లాభపడే చెరువు యజమాని ఒకడు, నీళ్లు దారి తప్పితే నష్టపోయే వీధి ఇంకొకటి. ఇద్దరి లెక్కా ఒకే కాగితం మీద వేసి చూపించే అలవాటు మనకింకా రాలేదు.

గుడివాడ ఇటుకలు తవ్వినవాళ్లు వాళ్ల కాలపు లెక్క వాళ్లు వేసుకున్నారు. ఆ లెక్కలో స్తూపం ధర సున్నా, ఎందుకంటే దాని తరఫున అడిగే మనిషి లేడు. ఈ రోజు మొగల్రాజపురం ఇంటాయన లెక్కలోనూ, కొల్లేరు చిన్న రైతు లెక్కలోనూ మన తరఫున ఏ అంకె లేదు. ఊరందరి కోసం ఒకరు వదులుకున్నదానికి ఊరందరూ కట్టే డబ్బు ఆ అంకె కావాలి. అది పన్ను రాయితీ కావొచ్చు, పరిహారం కావొచ్చు, వేరే చోట స్థలం కావొచ్చు. భట్టిప్రోలు పెట్టెల మీద గోష్ఠి వాళ్లు పేర్లు చెక్కించుకున్నది తమ చేతి నుంచి ఖర్చు పెట్టినందుకే.

(వచ్చే వారం: బందరులో డచ్చి వాళ్ల సమాధులు, 1864 ఉప్పెన)